టాంకీ కింద కుడి చెయ్యి

పెట్రోలు వాసన మొదట మా చెల్లెలికి తగిలింది. వాళ్ల వంటింటి గోడకి అవతలే షెడ్డు. ఆ షెడ్డులో మా బావ పాత స్పోర్ట్స్ కారు ఉంటుంది. పొద్దున్న టీ పెట్టబోతే గోడ వెనక నుంచి పెట్రోలు వాసన వస్తోందని, గ్యాసు వెలిగించకుండా అగ్గిపెట్టె పక్కన పెట్టేశానని ఫోనులో చెప్పింది.

"మీ బావకి సెప్తే, నాకేటీ వాసన రావట్నేదంతన్నారన్నియ్యా. నువ్వొచ్చి సూడు. నాను సెప్తే ఇనరు," అంది.

నేను టెక్కలిలో ఉంటాను. రైల్వేలో సిగ్నళ్ల మరమ్మతు పని చేసి రిటైరయ్యాను. ఏ పనైనా వరస తప్పకుండా చెయ్యడం, ఆ రోజు చేసింది పడుకునే ముందు డైరీలో రాసుకోవడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలవాటు. బావ నా మేనత్త కొడుకు. ఇంచుమించు ఒకే ఈడు వాళ్లం. మా చెల్లెల్ని చేసుకోకముందు నుంచీ ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. పూండి స్టేషనులో దిగి, సముద్రం వైపు ఆటోలో వెళితే వాళ్ల ఊరు. దారి పొడవునా జీడితోటలు, కొబ్బరితోటలు. కాలు పెడితే కూరుకుపోయే ఇసుక.

ఆ కారుకి రెండే తలుపులు, రెండే సీట్లు. ఎర్ర రంగు ఇప్పుడు ఇటుక రంగుకి దిగింది. జీడిపప్పు వ్యాపారం బాగా నడిచిన రోజుల్లో బావ విశాఖపట్నంలో ఎవరి దగ్గరో మోజుపడి కొన్నాడు. పలాస బజారులో దాన్ని ఆపితే చుట్టూ జనం చేరేవారు. మా చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని కవిటి దాకా కొబ్బరితోటల నీడలో తిప్పేవాడు. వ్యాపారం మూతపడ్డాక కారు షెడ్డులోకి వెళ్లింది. జబ్బు పడ్డాక బావ ఇంట్లోకి వెళ్లాడు. డయాలసిస్ కోసం పలాస వెళ్లడం తప్పితే గుమ్మం దాటడం మానేశాడు.

ఆ కిడ్నీ జబ్బు సంగతి మా ఉద్దానం వైపు ఎవరికీ వివరించనక్కర్లేదు. చేతి సంగతి మాత్రం చెప్పాలి. డయాలసిస్ చేయించుకునే వాళ్లకి చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. అక్కడ నరం తాడులాగా ఉబ్బి పైకి తేలుతుంది. సూదులు అక్కడే దించుతారు. వేళ్లు ఆనిస్తే లోపల రక్తం పరుగెత్తుతున్న అదురు జుమ్మని తెలుస్తుంది. ఆ అదురు ఆగిందంటే ఆ చెయ్యి ఇక పనికిరాదు. బావకి ఎడం చేతిలో కుట్టింది మూసుకుపోయింది. ఇప్పుడు నడుస్తున్నది కుడి చేతిలోది. అదీ పోతే మెడలో గొట్టం పెట్టాలి, దాంతో ఎంతకాలం లాగుతామో చెప్పలేం అని డాక్టరు మా ముందే అన్నాడు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. దాని మీదికి ఒత్తిగిలి పడుకోకూడదు. వాచీ కూడా పెట్టకూడదు. అయితే బావది పుట్టుకతో కుడిచేతి వాటం. మాట్లాడేటప్పుడు కూడా ఆ చెయ్యి ఊరుకోదు.

రోజూ లేవగానే మా చెల్లెలు ఆ చేతి మీద చెవి పెట్టి వింటుంది. సముద్రం హోరు దూరం నుంచి విన్నట్టు ఉంటుందట. అది విన్నాకే పాలు పొయ్యి మీద పెడుతుంది.

టెక్కలిలో మా వీధి చివర మెకానిక్‌ని ముందే అడిగాను. "బండికి ఉండగా నాను అతుకెయ్యను బాబూ. టాంకీ ఇప్పి, కడిగి, ఎండబెట్టి తెండి," అన్నాడు. ఊరికి రమ్మంటే రానన్నాడు. కారు కదిలే స్థితిలో లేదు. కాబట్టి విప్పాల్సింది మేమే.

నేను వెళ్లిన మర్నాడు బావకి డయాలసిస్ ఉంది. అది అయ్యాక విప్పుదామంటే మా చెల్లెలు ఒప్పుకోలేదు. ఇంకో రోజు ఆ గోడ పక్కన వంట చెయ్యలేనంది. ఒప్పందం కూడా తనే చేసింది.

"ఆయన స్టూలు మీద కూకుంటారు. నోటితో సెప్తారు. సేసేది నువ్వు. ఆయన సెయ్యి కారుకి తగిలిందా, నాను ఊరుకోను."

"స్టూలు మీద కూకోబెట్టి హారతి కూడా ఇచ్చీ," అన్నాడు బావ.

పనికి దిగే ముందు ఫోన్లన్నీ ఇంట్లో పెట్టించాను. గ్యాసు సిలిండరు కట్టేయించాను. షెడ్డు రెండు తలుపులూ బార్లా తీశాను. షెడ్డు గోడకి బోరు మోటారు స్టార్టరు ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది దానంతటదే ఠక్కుమని పడుతుంది, పడినప్పుడు లోపల రవ్వ మెరుస్తుంది. అందుకని మీటరు దగ్గర ఫీజులు పీకి చొక్కా జేబులో వేసుకున్నాను.

బావ స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "ఏటి బావా, టాంకీ ఇప్పుతున్నావా, గూడ్సుకి సిగ్నలిత్తన్నావా?"

కారు వెనక భాగం ఎత్తి కింద కొబ్బరి మొద్దులు పెట్టాను. షెడ్డు నేల కూడా ఇసుకే. ఒకప్పుడు అక్కడ జీడిపిక్కలు ఆరబోసేవారు. జాకీ దిగబడిపోకుండా కింద ఒక పలక, టాంకీకి దన్నుగా జాకీ మీద ఇంకో పలక పెట్టాను. టాంకీ అడుగున ఉన్న మర విప్పితే తుప్పు రంగు పెట్రోలు కాస్త కారి ఆగిపోయింది. పెట్రోలు పోసే మూతిలోంచి కొబ్బరి చీపురుపుల్ల దించి చూశాను. పొడిగా వచ్చింది.

"సూసినావా? సుక్క నేదు," అన్నాడు బావ.

వేలి కణుపుతో టాంకీ మీద కొట్టాను. పైన బోలుగా మోగింది. అడుగున మోగలేదు. ఆ మాటే చెప్పాను.

"అడుగున తుప్పు బావా. తుప్పుకి ఏటి సప్పుడొత్తాది?"

చీపురుపుల్ల మూతి వంపు దగ్గరే ఆగిపోయిందని, అడుగు మరలో మడ్డి అడ్డం పడిందని ఇద్దరికీ తర్వాత గాని తెలియలేదు. పెట్రోలు పోసే మూతికి తొడిగిన రబ్బరు గొట్టం లాగాను. పెట్రోలు ఇంజనుకి వెళ్లే సన్న గొట్టం విప్పాను. పెట్రోలు ఎంతుందో చూపే ముల్లుకి వెళ్లే తీగ తీశాను. చివరగా టాంకీని పట్టి ఉంచే రెండు ఇనప పట్టీలు వదులు చేశాను. పట్టీలు కిందికి వేలాడాయి. టాంకీ మాత్రం ఉన్నచోటే ఉంది.

నేను కింద పడుకుని రెండు చేతులతో లాగాను. కదల్లేదు. బావ పైనుంచి నవ్వడం వినిపించింది.

"అది రాదు బావా. అది నా సేతి అతుకు."

చాలా ఏళ్ల కిందట ఇచ్ఛాపురం వెళ్తూ ఉంటే ఆ టాంకీ అంచు చెమర్చడం మొదలైందట. ఇంటికి వచ్చాక జీడిపిక్క తొక్కుల్లోంచి తీసే నల్ల నూనె చిక్కగా కాచి, అంచు చుట్టూ పూతలు పూతలుగా వేశాడు. ఉద్దానంలో పడవలకి పూసేది అదే. చెద పట్టకుండా దూలాలకి పూసేది అదే. ఏది కారినా ఆ నూనెతోనే మూస్తారు. ఆ నూనె పైకి పాకి, టాంకీకీ కారు అడుగుకీ మధ్య నల్లరాయిలాగా గడ్డకట్టింది. ఇన్నేళ్లూ ఆపింది కూడా అదే. వేడి తగిలిస్తే కరుగుతుంది. కానీ పెట్రోలు దగ్గర వేడి అన్న మాట ఎవరూ పలకలేదు. ఇనప ఉలి కూడా వద్దనుకున్నాం. ఎండు కొబ్బరిమట్ట చీల్చి, పలచగా చెక్కి, దాన్ని సందులోకి చెక్క సుత్తితో కొట్టాలని బావే చెప్పాడు.

పెట్రోలు తగిలిన చోట ఆ నల్లపూత మెత్తబడి చుక్కలుగా దిగుతోంది. పచ్చి జీడినూనె ఒంటి మీద పడితే చర్మం పొక్కి ఊడుతుంది. జీడి పనిలో పెరిగినవాళ్లు చేతులకి నూనె రాసుకోకుండా దాని జోలికి వెళ్లరు. మా చెల్లెలు అడక్కముందే కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. నేను మోచేతుల దాకా రాసుకున్నాను. స్టూలు మీద కూర్చునే మనిషికి ఎందుకంటే వినకుండా బావ కుడి చేతికి తనే దట్టంగా పట్టించింది.

"ఎగిరి ఒక్క సుక్క పడినా సాలు. సూది దిగే సోట పొక్కితే రేపు ఎక్కడ గుచ్చుతారు?" అంది.

మట్ట ముక్కతో ఒక మూల వదిలింది. కొంతసేపటికి రెండో మూల వదిలింది. మూడోది ఎంత తడిమినా దొరకలేదు. కళ్లల్లో తుప్పు పడుతోంది. చేతులు జారుతున్నాయి. బావ అటు కాదు, ఇటు కాదు అంటున్నాడు. మా చెల్లెలు నాకు తడిగుడ్డ తేవడానికి లోపలికి వెళ్లింది. స్టూలు కిర్రుమంది. తల తిప్పి చూసేసరికి బావ గోనె పరుచుకుని నా పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"బావా, పైకెళ్లు."

"ఆ మూల నీకు దొరకదు. ఎడం సెయ్యితోనే సేత్తాను. ఇటు సూడు, కుడిది గుండె మీదెట్టుకున్నాను."

నిజంగానే పెట్టుకున్నాడు. ఎడం చేత్తో తడుముతూ సందు పట్టుకున్నాడు. "ఇక్కడ. సుత్తియ్యి," అన్నాడు. నేను ఒక చేత్తో జాకీ మీది పలకని, ఇంకో చేత్తో టాంకీ అంచుని పట్టుకున్నాను. ఆయన కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

టాంకీ లోపల ఏదో గభాలున ఒక పక్కకి పరుగెత్తింది. లేదనుకున్న పెట్రోలు అంతా బావ వైపు చేరింది. టాంకీ ఒరిగింది. నా నూనె చేతుల్లోంచి అంచు జారింది. నూనె అంటిన పలక జాకీ మీద గిర్రున తిరిగింది. బావ కుడి చెయ్యి గుండె మీంచి లేచి టాంకీకి అడ్డం వెళ్లడం చూశాను. ఆయన వెళ్లమనలేదు, అదే వెళ్లింది. మరుక్షణం టాంకీ అంచు ఆ చేతిని మోచెయ్యి కింద ఇసుకలోకి నొక్కేసింది. విప్పిన మూతిలోంచి పెట్రోలు దబదబ పోస్తోంది.

"బావా, లాక్కోకు," అన్నాను.

"లాగట్నేదు. రాదు."

ఆయన గొంతు అంత నెమ్మదిగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. టాంకీ కింద వేళ్లు దూర్చి ఎత్తబోయాను. కాస్త లేచి జారింది. జారినప్పుడు బావ పళ్ల మధ్య నుంచి గాలి పీల్చాడు. ఇంకోసారి ఎత్తి జారవిడిస్తే ఆ బరువంతా మళ్లీ ఆ నరం మీదే పడుతుంది. ఎత్తలేను. వదల్లేను. చెల్లెల్ని పిలిచాను.

తడిగుడ్డ చేత్తో పట్టుకుని వచ్చింది. వంగి చూసింది. అరవలేదు. గుడ్డ పక్కన పడేసి, కారు కింద బోర్లా పడుకుని లోపలికి పాకింది.

"ఎత్తకన్నియ్యా. అలగే పట్టుకో. కిందికి రానియ్యకు, అంతే."

చీర కొంగు నోట కరుచుకుని, బావ చేతి కింద ఇసుకని రెండు చేతులతోనూ తోడడం మొదలుపెట్టింది. ఇసుకలో చెలమ తవ్వినట్టు తవ్వుతోంది. పెట్రోలుతో తడిసిన ఇసుక ముద్దలుగా వస్తోంది. నేను అరచేతులు ఒకటి తర్వాత ఒకటి ఇసుకలో రుద్దాను. పట్టు దొరికింది. భుజం కూడా ఆనించాను. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి.

అప్పుడే చుట్ట వాసన వచ్చింది. పక్కింటి ముసలావిడ మాటల కోసం ఇటే వస్తోంది. తలుపు దగ్గర ఆవిడ కాళ్లు కనిపించాయి.

"ఏటమ్మా, అందరూ కారు కిందేటి సేత్తన్నారు?"

మా చెల్లెలు నోట్లోంచి కొంగు వదిలింది. తవ్వడం ఆపలేదు. "పెద్దమ్మా, ఇటు రాకు. ఎనక్కెల్లి సుట్ట నీల్లలో ముంచీ. ఎల్లు."

ఆ కాళ్లు ఒక్క క్షణం అక్కడే ఉన్నాయి. తర్వాత వెనక్కి వెళ్లాయి. గోలెంలో చుయ్‌మన్న చప్పుడు విన్నాకే నేను ఊపిరి వదిలాను.

చేతి కింద ఇసుక మెల్లగా దిగింది. చెయ్యి దాంతోపాటు దిగింది. టాంకీకీ చేతికీ మధ్య సందు కనపడింది. మా చెల్లెలు ఆ చేతిని పసిబిడ్డని ఎత్తినట్టు రెండు చేతుల్లోకి తీసుకుని పక్కకి జరిపింది. నేను టాంకీని ఇసుకలోకి వదిలేసి బావని భుజాలు పట్టి బయటికి లాగాను.

చేతి మీద అడ్డంగా ఎర్రటి గాడి. తోలు తెగలేదు. బకెట్టులో ఉన్న నీళ్లతో, సబ్బుతో కడిగాం. బావ ముఖం తెల్లగా పాలిపోయింది. నేను ఉబ్బెత్తు నరం మీద వేళ్లు పెట్టాను. ఏమీ తెలియలేదు. ఒత్తకుండా పక్కకి జరిపి పెట్టాను. నా గుండె దడ తప్ప వేళ్లకి మరేదీ అందలేదు.

"ఏటి బావా?" అన్నాడు.

"నా వేళ్లు మొద్దుబారిపోయాయి," అన్నాను.

చెల్లెలు నన్ను పక్కకి తోసి చెవి ఆనించింది. కళ్లు మూసుకుంది. బావ ఆమె వైపు చూడకుండా కొబ్బరిచెట్ల తలల వైపు చూస్తున్నాడు. ఆమె చెవిని మణికట్టు వైపు జరిపింది. మళ్లీ మోచెయ్యి వైపు జరిపింది.

"ఉన్నట్టే ఉంది," అంది. "ఎక్కడో దూరంగా. రోజూలాగ నేదు. పలాస తీసుకెల్లీ అన్నియ్యా. టాంకీ కాడ నానుంటాను. ఎవుల్నీ రానియ్యను."

ఇంట్లోంచి ఫోను తీసుకుని ఆటో పిలిచాను. ఆటోలో బావ చేతిని దిండు మీద పెట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. దారి పొడవునా నా వేళ్లు ఆ నరం మీదే ఉన్నాయి. వేళ్ల కింద ఏదో అదురుతోంది. కానీ ఆటో మొత్తం అదురుతోంది. సీటు, దిండు, నా మోకాళ్లు, అన్నీ. ఏది ఇంజనుదో ఏది రక్తానిదో చెప్పడానికి లేదు. బావ నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను రోడ్డు చూస్తున్నాను.

పలాస చేరబోతుండగా రైలు గేటు పడింది. డ్రైవరు ఇంజను ఆపాడు. అప్పుడైనా తెలుస్తుందనుకుంటే గూడ్సు వచ్చింది. పొడవాటి గూడ్సు. పట్టాలు, నేల, ఆటో అన్నీ కలిసి దడదడలాడాయి.

"నీ గూడ్సుకి సిగ్నలిచ్చీసినారు బావా," అన్నాడు. నవ్వబోయాడు గానీ పెదాలు కదల్లేదు.

చివరి పెట్టె దాటింది. గేటు లేస్తోంది. ముందున్న బళ్లు స్టార్టవుతున్నాయి. మా డ్రైవరు స్టార్టరు మీద చెయ్యి వేశాడు.

"ఒక్క నిమిషం ఆగు బాబూ. స్టార్ట్ చెయ్యకు," అన్నాను.

వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. ఏమనుకున్నాడో గాని ఆగాడు. నేను కళ్లు మూసుకున్నాను. వేళ్ల కింద సన్నగా, తేనెటీగ గాజుగ్లాసులో తిరిగినట్టు, జుమ్మని ఉంది. వేళ్లు తీసి మళ్లీ పెట్టాను. ఉంది.

"ఉంది బావా."

ఆయన తల వెనక్కి వాల్చాడు. "ఇంక పోనీ," అన్నాను డ్రైవరుతో.

డయాలసిస్ కేంద్రంలో టెక్నీషియన్ అమ్మాయి స్టెత్ పెట్టి చాలాసేపు వింది. ప్రవాహం ఉందని, వాపు పెరక్కుండా చూసుకోమని, రేపు సూది దించితే గాని పూర్తిగా చెప్పలేనని అంది. ఆ తర్వాత చెయ్యి తడిమి, "ఎంత కడిగారో గానీ ఇంకా జిడ్డు పోలేదు. రేపు ప్లాస్టరు ఎలా అంటుకుంటుంది? కొబ్బరినూనె ఎవరు రాశారు?" అని అడిగింది. ఇద్దరం మా చెల్లెలి పేరు చెప్పలేదు.

బయట బెంచీ మీద ఉండగా చెల్లెలే ఫోను చేసింది. ముందు చెయ్యి సంగతి అడిగి, రెండుసార్లు చెప్పించుకుని, తర్వాత అంది: "ఈధంతా కరెంటుంది, మనింట్లో నేదు. మోటారాడక నీల్లు నేవు. ఏటయినాదన్నియ్యా?"

జేబులో చెయ్యి పెట్టాను. ఫీజులు అక్కడే ఉన్నాయి.

రాత్రికి ఇంటికి వెళ్లాం. మర్నాడు పొద్దున్న మా చెల్లెలు కూడా మాతో పలాస వచ్చింది. టాంకీ ఎండలో ఉందని, పెట్రోలు తడిసిన ఇసుకంతా ఎత్తి దూరంగా పోయించానని దారిలో చెప్పింది. బావ మంచం మీద కుడి చెయ్యి చాపుకున్నాడు. ఎర్ర గాడి నల్లబడింది. టెక్నీషియన్ అమ్మాయి రోజూ గుచ్చే చోటు వదిలి, కాస్త పైన తడిమి చూసింది. మా చెల్లెలు మంచం కమ్మీ పట్టుకుంది. నేను సూది వైపు కాకుండా గొట్టం వైపు చూశాను.

గొట్టంలో ముందు ఏమీ రాలేదు. ఆ అమ్మాయి సూదిని వెంట్రుకవాసి తిప్పింది. ఎర్రగా ఒక చుక్క వచ్చి ఆగింది. వెంటనే వెనక నుంచి తోసుకుంటూ మిగతా రక్తం వచ్చింది. గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రబడింది. యంత్రం చక్రం తిరగడం మొదలైంది.

మా చెల్లెలు కమ్మీ వదిలి కుర్చీలో కూలబడింది. చక్రం అలా తిరుగుతూ ఉంటే బావ ఎడం చెయ్యి చాపి నా చొక్కా జేబు తడిమాడు.

"ఈ యంత్రానికి కరెంటుండాల," అన్నాడు. "ఫీజులు ఎక్కడివక్కడ ఎట్టీసినావా బావా?"